తక్కువ ఖర్చులో ఇంటి కంప్యూటర్, మానిటర్: ఏది చూసి కొనాలి, ఏది చూసి వదిలేయాలి

"ఏ కంప్యూటర్ కొనమంటారు?" అని అడిగేవాళ్లలో చాలామంది చేసే పని దాదాపు ఒకటే. బ్రౌజర్ తెరవడం, వీడియోలు చూడడం, మెయిల్, నాలుగు ఉత్తరాలు టైపు చేయడం, ఇంటి లెక్కలు, ఫోన్‌లో నిండిపోయిన ఫోటోలను ఒకచోట పెట్టుకోవడం, అప్పుడప్పుడు వీడియో కాల్. ఈ వివరమంతా వాళ్ల కోసమే. పెద్ద ఆటలు ఆడేవాళ్లకు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు లెక్క వేరు.

నా జవాబు ముందే చెప్పేస్తాను: కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, మానిటర్ మాత్రం కొత్తది కొనండి. ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసిన చిన్న కంప్యూటర్లు ఇంటి పనికి ఇంకా చాలా ఏళ్లు సరిపోతాయి. మానిటర్ అలా కాదు. వాడిన కొద్దీ దాని వెలుగు తగ్గుతుంది, పైగా రోజంతా మన కళ్లు ఉండేది దాని మీదే. మంచి మానిటర్ ఒకటి కొంటే దాని ముందు రెండు కంప్యూటర్లు మారిపోతాయి.

## 1. కొనే ముందు: ఒక కాగితం, ఒక టేపు

దుకాణానికి వెళ్లే ముందు, ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టే ముందు, ఒక వారం పాటు మీరు ఫోన్‌లోనో పాత కంప్యూటర్‌లోనో చేసిన పనులు రాసుకోండి. "రేపెప్పుడైనా పనికొస్తుందేమో" అనుకున్నవి రాయొద్దు. ఆ "ఏమో" కోసమే జనం రెట్టింపు డబ్బు పెడతారు.

రాసుకోవలసినవి:

- విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రామ్ ఏదైనా తప్పనిసరా?
- ఇంట్లో ఉన్న ప్రింటర్, స్కానర్ మోడల్ ఏమిటి?
- వీడియో కాల్స్ ఉంటాయా? ఉంటే కెమెరా, మైకు విడిగా కొనాలి. డెస్క్‌టాప్‌లకు అవి సాధారణంగా ఉండవు.
- కీబోర్డు, మౌసు, స్పీకర్లు పాతవి పనికొస్తాయా?
- బల్ల లోతు ఎంత? గోడకు, కూర్చునే మనిషికి మధ్య దూరం ఎంత?
- రౌటర్ ఎంత దూరంలో ఉంది? మధ్యలో ఎన్ని గోడలు?

టేపు ఎందుకంటే, 24 అంగుళాల మానిటర్ తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30. ఇది స్టాండు లేకుండా. 27 అంగుళాలదైతే వెడల్పు 60 సెంటీమీటర్లు. కొన్ని స్టాండ్ల పాదాలు ముందుకు బాగా చాచుకుని ఉంటాయి. లోతు తక్కువున్న బల్ల మీద కీబోర్డుకు చోటు మిగలదు.

ఇక డబ్బు పంపకం. మొత్తాన్ని పది పాళ్లు చేస్తే ఆరు కంప్యూటర్‌కు, మూడు మానిటర్‌కు, ఒకటి మిగతా సామానుకు పక్కన పెట్టండి. ఆ ఒక్క పాలు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కేబుల్, వైఫై అడాప్టర్, కెమెరా, పవర్ స్ట్రిప్ అన్నీ కలిస్తే లెక్క తేడా కొడుతుంది.

## 2. ఏ రూపంలో కొనాలి

చిన్న డెస్క్‌టాప్. నా ఓటు దీనికే. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి లావుపాటి పుస్తకమంత ఉంటాయి. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి మూత తీయడం, ర్యామ్ (నడుస్తున్న పనులు ఉండే తాత్కాలిక మెమరీ) పెంచడం, డిస్క్ మార్చడం తేలిక. కరెంటు తక్కువ తాగుతాయి, చప్పుడు తక్కువ.

కొత్త మినీ పీసీ. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో వచ్చేవి ఈ కోవలోవి. 2023లో వచ్చిన ఈ చిప్‌కు నాలుగు కోర్లు, దాని పవర్ రేటింగ్ 6 వాట్లు. బ్రౌజర్‌కు, వీడియోకు హాయిగా సరిపోతుంది. ఇరవై ట్యాబులు తెరిచి, పక్కన వీడియో కాల్ పెట్టి, పెద్ద లెక్కల ఫైలు తెరిస్తే మాత్రం ఆయాసపడుతుంది.

పెద్ద టవర్. చోటుంటే తీసుకోవచ్చు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు వేసుకుందాం అని ఆఫీసు టవర్ కొంటున్నారా? చాలా వాటిలో పవర్ సప్లై ఆ కంపెనీ సొంత కొలతలోది, సామర్థ్యం కూడా తక్కువ. ఆ ఆశ పెట్టుకోకండి.

ల్యాప్‌టాప్. నిజంగా మోసుకెళ్లే పనుంటేనే. ఏడాదికి రెండుసార్లు మోయడానికి ల్యాప్‌టాప్ ఎందుకు?

మానిటర్‌లోనే కంప్యూటర్ ఉండేవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఒకటి చెడితే రెండూ మూలన పడతాయి. వద్దు.

## 3. లోపల ఏముండాలి: ఈ వరుసలోనే చూడండి

అమ్మేవాళ్లు మొదట ప్రాసెసర్ పేరు చెబుతారు. మనం చివర చూడాల్సింది అది.

### మొదట ఎస్‌ఎస్‌డి

పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు సమాచారం ఉన్న చోటికి వెతుక్కుంటూ వెళ్లాలి. విండోస్ తెరుచుకునేటప్పుడు కావలసింది ఒక పెద్ద ఫైలు కాదు, వేలకొద్దీ చిన్న ఫైళ్లు. ప్రతిదానికీ ముల్లు కదలాలి. కంప్యూటర్ ఆన్ చేసి కాఫీ పెట్టుకొచ్చే అలవాటు అలా పుట్టిందే. ఎస్‌ఎస్‌డి అదే పనిని చిప్‌లతో చేస్తుంది, దానిలో కదిలే భాగమే లేదు.

వీటిలో సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈ రకం వేల మెగాబైట్లకు వెళుతుంది. మామూలు వాడకంలో ఆ తేడా చేతికి తెలియదు, దాని కోసం ఎక్కువ పెట్టొద్దు. పరిమాణం 256 జీబీ ఉంటే చాలు. ఫోటోలు ఎక్కువైతే 512.

చవక ల్యాప్‌టాప్‌లలో, మినీ పీసీలలో "64 జీబీ ఈఎంఎంసీ" అని కనిపిస్తే ముందుకు సాగిపోండి. అది బోర్డుకు అతికించినది, మార్చలేం. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలదు.

### తర్వాత ర్యామ్

విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీ. దాంతో బండి కదులుతుంది గానీ జనం ఎక్కకూడదు. 8 జీబీకి తక్కువ కొనొద్దు. 16 ఉంటే నాలుగైదేళ్లు ఆ సంగతే మరిచిపోవచ్చు.

8 జీబీతో కొంటుంటే ఒక స్లాటు (ర్యామ్ కడ్డీ పట్టే గాడి) ఖాళీగా ఉందో లేదో అడగండి. ఖాళీ ఉంటే రేపు ఇంకో 8 పెట్టుకోవచ్చు. పైగా రెండు కడ్డీలు జంటగా పనిచేస్తే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు కూడా లాభమే. చిన్న డెస్క్‌టాప్‌లలో పట్టేది ల్యాప్‌టాప్ రకం పొట్టి కడ్డీ. టవర్‌కు కొనే పొడుగుది కొని తెచ్చి వెనక్కివ్వడానికి తిరిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

### చివర ప్రాసెసర్: పేరు కాదు, తరం

"ఐ7 అండీ, ఐ7!" అనగానే పడిపోకండి. ఇంటెల్ ప్రాసెసర్ పేర్లలో ఐ తర్వాతి అంకె కన్నా గీత తర్వాత వచ్చే సంఖ్య ముఖ్యం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ5-10400 అంటే పదో తరం. 2013 నాటి ఐ7-4770కి విండోస్ 11 అధికారికంగా రాదు. 2017లో వచ్చిన ఐ3-8100కి వస్తుంది. మనకు రెండోదే కావాలి.

గీత గీసుకోవలసిన చోటు ఇది:

- ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైకి.
- ఏఎండీ అయితే రైజెన్ 3000 సిరీస్ నుంచి పైకి చూస్తే గొడవ లేదు.
- ఎన్100, దాని తోబుట్టువులు ఎన్95, ఎన్97 కొత్త మినీ పీసీలలో సరే.

చివరి అక్షరం కూడా చదవండి. ఇంటెల్ సంఖ్య చివర ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేకపోతే తెర మీద ఏమీ రాదు. రైజెన్ 5 5600కీ గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. ఒకసారి బంధువుల ఇంట్లో విడిభాగాలు తెచ్చి అన్నీ బిగించి, గంట సేపు కేబుల్ మార్చి మార్చి చూశాక ఈ ఎఫ్ నాకు కనిపించింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతోనే ఉంది! చివర టీ ఉంటే తక్కువ కరెంటు తీసుకునే రకం, చిన్న పెట్టెలకు అదే మేలు.

## 4. విండోస్ సంగతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే మార్కెట్లో ఏడో తరం, అంతకన్నా పాత కంప్యూటర్లు కారుచవకగా కనిపిస్తున్నాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, పైన చెప్పిన తరం ప్రాసెసర్ రెండూ ఉండాలి. "ఏదో ట్రిక్‌తో 11 వేసి ఇస్తాం" అంటే వద్దనండి. ఏదో ఒక అప్‌డేట్ దగ్గర అది ఆగిపోవచ్చు, అప్పుడు ఆ అమ్మినవాళ్లు మీ పక్కన ఉండరు.

పాత కంప్యూటర్ ఎవరైనా ఊరికే ఇస్తే మాత్రం తీసుకోండి. ఎస్‌ఎస్‌డి వేసి, విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడితే బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలకూ లెక్కలకూ పనికొచ్చే లిబ్రే ఆఫీసు చక్కగా నడుస్తాయి. మీ జాబితాలో విండోస్ ప్రోగ్రామ్ ఒక్కటీ లేకపోతే అది చిన్న సలహా కాదు.

## 5. సెకండ్ హ్యాండ్ అయితే: పరీక్ష

"రీఫర్బిష్డ్" అనే మాటకు అందరూ ఒప్పుకున్న అర్థం ఒకటంటూ లేదు. ఒకరికి అది డిస్క్ మార్చి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్చి, పరీక్షించినది. ఇంకొకరికి గుడ్డతో తుడిచినది. కాబట్టి మాట వదిలేసి రెండు అడగండి: వారంటీ ఎన్ని నెలలు, వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులు. రెండూ రాతలో ఉండాలి.

దూరం నుంచి కొంటుంటే డబ్బు పంపే ముందు మూడు ఫోటోలు అడగండి: వెనక వైపు పోర్టులు, మోడల్ స్టిక్కర్, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ. ఇవ్వడానికి నసిగితే వదిలేయండి.

చేతికి వచ్చాక ఈ వరుసలో చూడండి. అరగంట చాలు.

ఒకటి, బయట. స్క్రూలు అన్నీ ఉన్నాయా, పోర్టులు వంగలేదు కదా, అడాప్టర్ ఆ కంపెనీదేనా? చిన్న డెస్క్‌టాప్‌లకు పవర్ అడాప్టర్ విడిగా ఉంటుంది. అది లేకుండా అమ్మితే ఆ ఖర్చు మీదే.

రెండు, బయోస్. విండోస్ కన్నా ముందు నడిచే మూల సెట్టింగ్స్ ఇవి. ఆన్ చేయగానే ఎఫ్1, ఎఫ్2, ఎఫ్10, డిలీట్ వీటిలో ఆ మోడల్‌కు పనిచేసే కీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగిందా? కొనకండి. పాత ఆఫీసు పెట్టిన ఆ తాళం చాలా మోడళ్లలో మనం తీయలేం.

మూడు, టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్‌లో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారు, డిస్క్ ఎస్‌ఎస్‌డియా హెచ్‌డీడీయా అన్నీ అక్కడే ఉంటాయి. ప్రకటనలో రాసినదానితో పోల్చండి.

నాలుగు, విండోస్ యాక్టివేషన్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్. "యాక్టివ్" అని, డిజిటల్ లైసెన్స్ అని ఉండాలి. ఈ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. తర్వాత విండోస్ మళ్లీ వేసినా అదే ఎడిషన్ అయితే తనంతట తానే గుర్తిస్తుంది.

ఐదు, టీపీఎం. విండోస్ సెక్యూరిటీ తెరిచి డివైస్ సెక్యూరిటీలోకి వెళితే సెక్యూరిటీ ప్రాసెసర్ అని కనిపించాలి. వివరాల్లో 2.0 అని ఉండాలి. కనబడకపోతే బయోస్‌లో ఆపి ఉండొచ్చు, అక్కడ ఆన్ చేసి మళ్లీ చూడండి.

ఆరు, డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. ఎస్‌ఎస్‌డి ఎన్ని గంటలు నడిచింది, ఎంత శాతం ఆరోగ్యం మిగిలింది అనే రెండు చూడండి. బాగా అరిగినదైతే బేరంలో కొత్త ఎస్‌ఎస్‌డి ఖర్చు తగ్గించమనండి. అది ఒప్పందం చెడగొట్టే లోపం కాదు, మార్చేది పది నిమిషాల పని.

ఏడు, ఆయాసం. పది ట్యాబులు తెరిచి, ఒకదానిలో ఫుల్ హెచ్‌డీ వీడియో పెట్టి పావుగంట వదిలేయండి. ఫ్యాన్ గోల పెడుతోందా? వీడియో ఆగి ఆగి నడుస్తోందా? చెయ్యి పెట్టి వేడి చూడండి.

ఎనిమిది, పోర్టులు. ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని ప్రతి యూఎస్‌బీలో పెట్టి తీయండి. హెడ్‌ఫోన్, వైఫై, నెట్‌వర్క్ కేబుల్ కూడా. ఆఫీసుల్లో కేబుల్ ఇంటర్నెట్ వాడతారు కాబట్టి చాలా చిన్న డెస్క్‌టాప్‌లకు వైఫై కార్డు ఉండదు. లేకపోతే తప్పేం కాదు, యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోవచ్చు. ముందే తెలియాలి, అంతే.

## 6. మానిటర్: ఇక్కడ తొందరపడొద్దు

### పరిమాణం, రిజల్యూషన్ కలిపి చూడాలి

ఫుల్ హెచ్‌డీ అంటే 1920 x 1080 చుక్కలు. తెర 22 అయినా 27 అయినా అవే చుక్కలు. పెద్ద తెరలో అవి విడివిడిగా పరుచుకుంటాయి. లెక్క ఇలా ఉంటుంది:

- 21.5 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: అంగుళానికి సుమారు 102 చుక్కలు. అక్షరాలు పదునుగా, కాస్త చిన్నగా.
- 23.8 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: సుమారు 92. మామూలు వాడకానికి ఇదే సరైన జోడీ.
- 27 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: సుమారు 81. వీడియోకు ఫర్వాలేదు, చదవడానికి గరుకు.
- 27 అంగుళాలు, 2560 x 1440: సుమారు 109. బాగుంటుంది, ఖర్చెక్కువ.

ఇంగ్లీషు సమీక్షల్లో "27లో ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది" అని చదివి కొన్నవాళ్లు తెలుగు పేజీ తెరిచాక నొచ్చుకుంటారు. మన అక్షరానికి కింద ఒత్తు, పైన తలకట్టో గుడో. చుక్కలు చాలకపోతే ముందు చెడేది ఒత్తే. అందుకే మానిటర్ ముందు నిలబడ్డప్పుడు "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలున్న తెలుగు పేజీ తెరవమనండి. అర మీటరు దూరం నుంచి కన్ను చిట్లించకుండా ఒత్తులు చదవగలిగితే ఆ తెర మీకు సరిపోతుంది.

"హెచ్‌డీ" అని మాత్రమే రాసి ఉంటే జాగ్రత్త. అది 1366 x 768 కావచ్చు, "హెచ్‌డీ ప్లస్" అయితే 1600 x 900. చవకగా ఇచ్చినా వద్దు.

### ప్యానెల్

ప్యానెల్ అంటే బొమ్మ చూపే పలక. మూడు రకాలు. ఐపీఎస్‌లో పక్క నుంచి చూసినా రంగులు మారవు, అదే తీసుకోండి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, చీకట్లో సినిమాలు చూసేవాళ్లకు బాగుంటుంది. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు తేడా) 1000:1 ప్రాంతంలో ఉంటే వీఏలో 3000:1 దాకా వెళుతుంది. అయితే వీఏలో ముదురు రంగులు కదిలేటప్పుడు తోక కనబడొచ్చు. టీఎన్ రకం తలవంచి చూస్తే రంగు మారిపోతుంది, దాన్ని వదిలేయండి.

### మిగతా సంఖ్యలు: ఏవి నమ్మాలి

రిఫ్రెష్ రేటు. తెర బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు మారుస్తుందో ఆ లెక్క. 60 హెర్ట్జ్ చాలు. 75, 100 ఉన్నవి ఇప్పుడు మామూలే. అదే ధరకు వస్తే తీసుకోండి, పేజీ జరిపేటప్పుడు కాస్త నున్నగా ఉంటుంది.

వెలుగు. 250 నిట్లు గదిలోకి సరిపోతుంది. కిటికీ ఎదురుగా కూర్చుంటే 300 చూడండి. అంతకంటే మంచిది బల్లను పక్కకు తిప్పుకోవడం.

"1 ఎంఎస్". చుక్క రంగు మారడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. ఆటలు ఆడేవాళ్ల కోసం రాసే మాట. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలుస్తుంది. పట్టించుకోవద్దు.

కోట్లలో కాంట్రాస్ట్. "డైనమిక్" అని పక్కనే ఉంటుంది. అది ప్యానెల్ సత్తా కాదు, బొమ్మను బట్టి వెనక లైటు తగ్గించి పెంచి చేసే గారడీ.

స్టాండు. చవక మానిటర్లు ముందుకూ వెనక్కీ వంగుతాయి గానీ ఎత్తు పెరగవు. పుస్తకాలు పేర్చి సర్దుకోవచ్చు. కానీ వెనక 100 x 100 లేదా 75 x 75 మిల్లీమీటర్ల నాలుగు మరల రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. దాన్ని వెసా అంటారు. ఉంటే రేపు ఏ స్టాండైనా బిగించుకోవచ్చు. చిన్న డెస్క్‌టాప్‌ను సైతం కొన్నిసార్లు మానిటర్ వెనకే తగిలించవచ్చు.

పై పూత. అద్దంలా మెరిసేదాని కన్నా మసక పూత ఉన్నది చదవడానికి మేలు.

టీవీనే మానిటర్‌గా వాడొచ్చా? వీడియోకు సరే. చాలా 32 అంగుళాల టీవీలు 1366 x 768 మాత్రమే. రిజల్యూషన్ ఉన్నా కొన్ని టీవీలు రంగు సమాచారాన్ని కుదించి చూపిస్తాయి. అప్పుడు అక్షరాల అంచులకు ఎరుపు, నీలం మచ్చలు అంటుకున్నట్టు ఉంటాయి.

### మానిటర్ ఇంటికి రాగానే

- తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన చుక్కలు వెతకండి.
- నలుపు తెరతో గది చీకటి చేసి మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి. ఐపీఎస్‌లో కొంచెం ఉంటుంది, మరీ మచ్చలుగా ఉంటే మార్పించండి.
- వెలుగు బాగా తగ్గించి ఫోన్ కెమెరాలో చూడండి. అడ్డగీతలు పరిగెడుతుంటే ఆ తెర వెలుగును ఆపి ఆపి వెలిగిస్తోందన్నమాట. కొందరికి దానితో తలనొప్పి వస్తుంది.
- గడువు ముగిసే దాకా అట్టపెట్టె పారేయకండి.

## 7. పోర్టులు, కేబుళ్లు: కొనేముందు రెండు వైపులా చూడండి

ఆఫీసు చిన్న డెస్క్‌టాప్‌ల వెనక చాలాసార్లు డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, హెచ్‌డీఎంఐ ఉండకపోవచ్చు. చవక మానిటర్లకు హెచ్‌డీఎంఐ, వీజీఏ ఉంటాయి, డిస్‌ప్లేపోర్ట్ ఉండకపోవచ్చు. పెళ్లి కుదరదన్నమాట.

దీనికి మందు ఉంది. కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ దొరుకుతుంది, సాధారణంగా వెంటనే పనిచేస్తుంది. అదే కేబుల్‌ను తిప్పి పెడితే పనిచేయదు. కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్ కావాలంటే లోపల చిప్ ఉన్న వేరే అడాప్టర్ కొనాలి. ఈ ఒక్క సంగతి తెలియక కేబుళ్లు రెండేసి కొనేస్తారు.

పాత రకం పోర్టు వీజీఏ చివరి దారి. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది, దానిలో శబ్దం రాదు.

మానిటర్‌కు స్పీకర్లు ఉన్నాయనుకోకండి. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్నంత మాత్రాన స్పీకర్లు ఉన్నట్టు కాదు.

యూఎస్‌బీ-సీ ఆకారం ఉన్న ప్రతి పోర్టూ బొమ్మను పంపదు. మోడల్ వివరాల్లో డిస్‌ప్లే అని స్పష్టంగా ఉంటేనే నమ్మండి.

## 8. ఇంటికి తెచ్చాక: ఈ వరుస తప్పొద్దు

1. పైన చెప్పిన పరీక్షలన్నీ మొదటి రోజే. వెనక్కిచ్చే గడువు మీ కోసం ఆగదు.
2. సెకండ్ హ్యాండ్ అయితే విండోస్ మళ్లీ శుభ్రంగా వేయండి. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. పాత యజమాని ఖాతా, అతని ప్రోగ్రాములు మీకెందుకు?
3. వేసేటప్పుడు ఏదో సంస్థ పేరు కనిపించి ఆ సంస్థ ఖాతాతో లాగిన్ కమ్మంటే అక్కడే ఆపేయండి. ఆ కంప్యూటర్ ఇంకా ఆ సంస్థ జాబితాలోనే ఉందన్నమాట. అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి.
4. ఇంటర్నెట్‌కు కలిపి అప్‌డేట్లు అయిపోనివ్వండి. రెండు మూడుసార్లు రీస్టార్ట్ అడుగుతుంది. ఈలోగా "నెమ్మదిగా ఉంది" అని తీర్పు చెప్పకండి.
5. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ "రికమెండెడ్" అని ఉన్నదే పెట్టండి. అక్షరాలు చిన్నగా ఉంటే స్కేల్ 125 శాతం చేయండి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు చూడండి. 100 హెర్ట్జ్ మానిటర్ కొని 60లోనే ఏళ్లు నడిపేవాళ్లున్నారు.
6. మానిటర్ పై అంచు మీ కంటి ఎత్తుకు లేదా కొద్దిగా కిందికి ఉండాలి. దూరం ఒక చేయి చాచినంత.
7. తెలుగు టైపింగ్ కావాలంటే భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది.
8. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళం) ఆన్ అయి ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి దాచండి. బోర్డు మార్చిన రోజు, బయోస్ అప్‌డేట్ అయిన రోజు అది అడగొచ్చు.
9. ఫోటోలకు రెండో కాపీ బయటి డిస్క్‌లో పెట్టండి. ఎస్‌ఎస్‌డి చెడేటప్పుడు హార్డ్ డిస్క్‌లా టకటకమని చప్పుడు చేసి ముందే చెప్పదు.

## 9. ఏదో తేడాగా ఉంటే

తెర మీద "నో సిగ్నల్". ముందు మానిటర్ బటన్లలో ఇన్‌పుట్ సరైనదేనా చూడండి. టవర్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు కాదు. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. రవాణాలో కదిలిపోవడం మామూలే.

అక్షరాలు మసకగా ఉన్నాయి. రిజల్యూషన్ తప్పుగా ఉండొచ్చు, వీజీఏ వాడుతూ ఉండొచ్చు. వీజీఏలో మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కండి. తర్వాత విండోస్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపే నమూనాల్లో స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

నలుపు బూడిద రంగులో కనిపిస్తోంది. హెచ్‌డీఎంఐలో కంప్యూటర్ తెరను టీవీ అనుకుని రంగుల పరిధి కుదించి పంపుతోంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ పరిధిని ఫుల్ చేయండి.

శబ్దం రావడం లేదు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు పక్కన ఏ పరికరం ఎంచుకుని ఉందో చూడండి. స్పీకర్లు లేని మానిటర్‌కు శబ్దం పంపుతూ ఉంటుంది పాపం.

వైర్‌లెస్ మౌసు ఎగిరెగిరి పడుతోంది. మౌసు రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3 పోర్టులో డిస్క్ పెట్టారా? యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలకు అడ్డుపడుతుంది. రిసీవర్‌ను దూరంగా ఉన్న పోర్టులోకో, చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికో తీసుకురండి. వైఫై అడాప్టర్‌కూ ఇదే వైద్యం. ఇనుప పెట్టె వెనక నక్కి ఉంటే దానికి సిగ్నల్ అందదు.

కొన్ని నెలలకే నెమ్మదించింది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి అక్కర్లేనివి ఆపండి. మెమరీ ఎప్పుడూ 85 శాతం పైనే ఉంటే ర్యామ్ పెంచాలి. డిస్క్ నిండిపోతే పదిహేను, ఇరవై శాతం ఖాళీ చేయండి. "స్పీడప్ చేస్తాం" అనే ప్రోగ్రాములు మాత్రం వేయొద్దు. నెమ్మదించడానికి కారణం చాలాసార్లు అవే.

ఫ్యాన్ గోల. సెకండ్ హ్యాండ్ పెట్టెలో దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆపి, ప్లగ్ తీసి, మూత తెరిచి గాలితో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

రోజూ గడియారం వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు మీద నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసి, బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, సేవ్ చేసి బయటికి రండి.